వైట్ తిరిగొచ్చి మన టిప్పుకే తగలాలి

నేను దర్జీని. గుంటూరు బ్రాడీపేటలో పాతికేళ్లుగా ప్యాంట్లు, చొక్కాలు కుడుతున్నాను. వారంలో మూడు రాత్రులు షాపు షట్టరు దించాక స్నూకర్ ఆడతాను. గొప్ప ఆటగాణ్నేం కాదు, నా పెద్ద బ్రేక్, అంటే ఒకే వరసలో కొట్టిన పాయింట్లు, 47. కానీ స్టిక్ వంకర పోకుండా కొట్టడం ఒక్కటి మాత్రం కష్టపడి నేర్చుకున్నాను. (బాల్‌ని కొట్టే కర్రని క్యూ అనాలి గానీ మా పార్లర్లో అందరూ స్టిక్కే అంటారు.) ఆరేళ్లు పట్టింది. అందులో అయిదేళ్లు తప్పంతా చేతిలోనే ఉందనుకుని చేతినే దిద్దుకుంటూ కూర్చున్నాను.

మొన్న వేసవిలో మా మేనల్లుడు వచ్చి "మావయ్యా, నేను చూసిన చోటికే కొడుతున్నా, బాల్ ఇంకెక్కడికో పోతోంది" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కుడిచేతి వాళ్లకి రాస్తున్నాను, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.

ముందు జబ్బేంటో తెలియాలి. టేబుల్ ఖాళీ చేసి వైట్‌ని, అంటే స్టిక్‌తో కొట్టే తెల్ల బాల్‌ని, మనవైపు ఉన్న బ్రౌన్ స్పాట్ మీద పెట్టండి (స్పాట్ అంటే రంగు బాల్ పెట్టే గుర్తు). బ్రౌన్, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్లు నాలుగూ ఒకే గీత మీద ఉంటాయి. బ్రౌన్ నుంచి బ్లాక్‌కి దాదాపు రెండున్నర మీటర్లు. ఆ స్పాట్ల మీదుగా వైట్‌ని అవతలి కుషన్‌కి, అంటే టేబుల్ అంచు మెత్తకి, కొట్టి, స్టిక్ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచండి. వైట్ తిరిగొచ్చి టిప్పుకి, అంటే స్టిక్ కొసకి, తగలాలి.

మరీ మెల్లగా కొట్టొద్దు. స్నూకర్ బట్టకి నూగు ఉంటుంది, అది మనవైపు నుంచి బ్లాక్ వైపుకి పడుకుని ఉంటుంది. వెల్వెట్ జాకెట్ కుట్టినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు, ఒక ముక్క నూగు తిరగబడితే రెండు రంగుల గుడ్డలా కనిపిస్తుంది. నెమ్మదిగా తిరిగొచ్చే బాల్ ఆ నూగుకి ఎదురెక్కలేక పక్కకి జారుతుంది. టేబుల్ ఒకవైపు వాలి ఉన్నా అంతే. కాబట్టి వైట్ తిరిగొచ్చి ఇటు కుషన్‌కి కూడా తగిలేంత జోరుగా కొట్టండి, అప్పుడు నింద టేబుల్ మీద వేయడానికి ఉండదు.

వైట్ పోయేటప్పుడే బ్లూ స్పాట్‌ని తప్పిందా, స్టిక్ అసలు గీత మీదే లేదు. అది నిలబడటంలో తప్పు. స్పాట్ల మీదుగా చక్కగా పోయి, కుషన్ తగిలాక విరిగిందా, అప్పుడు గురి బాగానే ఉంది, బాల్‌కి నడిమధ్యన టిప్ తగల్లేదు. మనకి తెలియకుండానే సైడ్, అంటే బాల్‌ని పక్కకి తిప్పే మెలి, పడింది. కుడికి విరిగితే కుడిపక్కన కొట్టినట్టు, ఎడమకి విరిగితే ఎడమపక్కన. ఇరవై సార్లు కొట్టి కాగితం మీద రాసుకోండి. మావాడివి ఇరవైలో పద్నాలుగు కుడికే విరిగాయి. అన్నిసార్లు ఒకే వైపుకి పోయిందంటే సంతోషించాలి, అది అలవాటు, దిద్దొచ్చు. అటూ ఇటూ పోయేవాడితోనే కష్టం.

ఇక నిలబడటం. నా అయిదేళ్లు మింగింది ఇదే. నేను టేబుల్ పక్కన నిలబడి, వంగి, వంగాక గురి చూసుకుంటూ నడుముని, భుజాన్ని అటూ ఇటూ జరిపేవాణ్ని. అలా జరిపితే స్టిక్ గీత మీదకి వస్తుంది గానీ ఒళ్లు రాదు. కొట్టే క్షణంలో ఒళ్లు తన దారికి తాను లాగుతుంది. చేయవలసింది ఇది: బాల్‌కి రెండడుగులు వెనక నిటారుగా నిలబడి, కొట్టాల్సిన గీతని అక్కణ్నుంచే చూడండి. చూపు ఆ గీత మీదే ఉంచి ముందుకు నడవండి. కుడి పాదం గీత మీద పడాలి, వేళ్లు కొంచెం బయటికి తిరిగినా ఫరవాలేదు. ఎడమ పాదం భుజాల వెడల్పంత పక్కకి, కాస్త ముందుకి, ఆ మోకాలు కొద్దిగా వంచి. అప్పుడు తల తిన్నగా గీత మీదకే దిగాలి. వంగాక తేడాగా అనిపిస్తే జరగొద్దు. లేచి, వెనక్కి వెళ్లి, మళ్లీ రండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఏ కంటి కింద స్టిక్ ఉంచాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. గోడ మీది గడియారానికి బొటనవేలు అడ్డం పెట్టి ఒక్కో కన్నూ మూసి చూడండి. ఏ కన్ను తెరిచినప్పుడు వేలు కదలదో అది మీ బలమైన కన్ను. ఇంగ్లండ్ ఆటగాడు జో డేవిస్‌కి కుడి కన్ను సరిగా కనిపించేది కాదు, స్టిక్ ఎడమ కంటి కిందే నడిపేవాడు. 1927 నుంచి 1946 వరకు ఆయన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 15 సార్లు గెలిచాడు. గడ్డం నడిమధ్యనే స్టిక్ ఆనాలని ఎవరైనా పట్టుబడితే వాళ్లకి ఈయన పేరు చెప్పండి.

ఇప్పుడు చేయి. మిషన్ నేర్చుకునే కుర్రాళ్లందరూ ఒకే తప్పు చేస్తారు, సూది కింద గుడ్డని చేత్తో లాగుతారు. కుట్టు వంకర పోతుంది, సూది విరుగుతుంది. గుడ్డని మిషనే తీసుకుంటుంది, మన చేయి దారి చూపిస్తే చాలు. స్టిక్ వెనక చేయి కూడా అంతే. గట్టిగా పట్టుకుని, కొట్టే క్షణంలో గుప్పిట బిగిస్తే వెనక భాగం ఒంటి వైపుకి వస్తుంది. స్టిక్ ఎడమచేతి బ్రిడ్జ్ (స్టిక్ ఆనడానికి టేబుల్ మీద పెట్టే చేయి) మీద త్రాసులా తిరుగుతుంది కాబట్టి టిప్ కుడికి పోతుంది. మావాడి పద్నాలుగు బాల్స్ కథ ఇదే. వేళ్లు చుట్టూ ఆనించి, చేతిలోంచి జారనంత మాత్రం పట్టుకోండి. టిప్ వైట్‌ని తాకే సమయానికి మోచేతి నుంచి కిందకి చేయి నిలువుగా వేలాడాలి, అంతవరకు మోచేయి కదలకూడదు. వెనక్కి లాగేది నెమ్మదిగా. లాగాక ఒక్క క్షణం ఆగండి. ఆ క్షణంలో కన్ను వైట్‌ని వదిలి, కొట్టాల్సిన బాల్ మీదకి పోవాలి. గుడ్డ కోసేటప్పుడు కూడా నేను కత్తెరని చూడను, ముందున్న గీతని చూస్తాను.

బ్రిడ్జ్‌కీ వైట్‌కీ మధ్య తొమ్మిది పది అంగుళాలు చాలు, కొత్తల్లో ఇంకా తక్కువైనా మంచిదే. మన గుంటూరు మే నెలలో ఆ బ్రిడ్జ్ చెమటతో జిగటై స్టిక్ పట్టేస్తుంది. పౌడరు చల్లితే మార్కర్ (పార్లర్లో టేబుళ్లు చూసుకునేవాడు) ఊరుకోడు, బట్ట పాడవుతుంది. ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ దగ్గర పెట్టుకుని స్టిక్ తుడుచుకుంటూ ఉండండి. మాతో ఆడే ఒకాయన మిర్చి యార్డు నుంచి నేరుగా వస్తాడు. ఆయన సబ్బుతో చేతులు కడిగిందాకా మా స్టిక్‌లు ముట్టనివ్వం. ఒకసారి కళ్లు మండాక వచ్చిన తెలివి.

సాధనకి పార్లర్ అక్కర్లేదు. ఇంట్లో బల్ల మీద ఖాళీ వాటర్ బాటిల్‌ని పడుకోబెట్టి, కదలకుండా ఇసుక సంచీ ఆనించి, మూతి తగలకుండా టిప్ లోపలికీ బయటికీ ఆడించండి. టిప్ వెడల్పు సుమారు పది మిల్లీమీటర్లు, మూతిలో చుట్టూ అర సెంటీమీటరు చోటుంటుంది. మావాడు ముందు గోళీసోడా సీసా తెచ్చాడు. గోళీ తగిలింది. రోజూ పదిహేను నిమిషాలు చాలు. పార్లర్లో అయితే బ్రిడ్జ్‌కీ వైట్‌కీ మధ్య స్టిక్‌కి రెండుపక్కలా రెండు చాక్ (టిప్‌కి రాసే సుద్ద) ముక్కలు, వేలెడు సందు ఉంచి పెట్టండి. కొట్టాక కూడా అవి కదలకూడదు. నాలా మాత్రం చేయొద్దు, నేను ఒకసారి దర్జీ సుద్దతో బట్ట మీదే గీత గీశాను. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ఫోనుని అవతలి కుషన్ మీద మీకెదురుగా ఆనించి వీడియో తీసుకోండి. గడ్డం, స్టిక్, వెనక మోచేయి ఒకే నిలువు గీతలో కనిపించాలి. మావాడు తన మోచేయి బయటికి రావడం వీడియోలో చూసేదాకా నా మాట నమ్మలేదు.

మూడు వారాలైంది. నిన్న రాత్రి మళ్లీ ఇరవై కొట్టించాను. పదమూడు తిన్నగా టిప్పుకి వచ్చాయి, అయిదు కుడికి, రెండు ఎడమకి. ఆ రెండూ గుప్పిట మరీ వదులైపోయి స్టిక్ జారినవి. ఈ వారం వాడికి బాటిల్ ఆపేసి, చాక్ ముక్కలే పెట్టాను.