పాత మజిల్ కారును డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్లే ముందు

ఒహాయోలో మంచు కరగడం మొదలైందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. చలికాలమంతా గ్యారేజీలో విప్పి పెట్టుకున్న కార్లు ఏప్రిల్‌లో డ్రాగ్ స్ట్రిప్‌లు (రెండేసి కార్లు తిన్నగా పోటీపడి పరిగెత్తే ట్రాకులు) తెరిచేనాటికి సిద్ధం కావాలని అందరికీ తొందర. ఈమధ్య మన తెలుగు కుర్రాళ్లు కూడా కెమారోలు, నోవాలు, మస్టాంగ్‌ల లాంటి పాత మజిల్ కార్లు, అంటే పెద్ద ఇంజిన్లతో వచ్చిన అమెరికన్ కార్లు కొంటున్నారు. పోయిన నెల ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, 68 నోవా తీసుకున్నా. ఉన్న ఇంజిన్ తీసేసి పెద్ద 454 పెడుతున్నా. ఏ క్యామ్ వేయమంటావు?" అన్నాడు. క్యామ్ అంటే ఇంజిన్ వాల్వులు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో తేల్చే కడ్డీ. "బ్రేకులు ఏమున్నాయి తమ్ముడూ?" అని అడిగాను. "నాలుగూ డ్రమ్ములే అన్నా, బానే పడుతున్నాయి" అన్నాడు. అంత పెద్ద ఇంజిన్‌కి పాతకాలపు డ్రమ్ము బ్రేకులా! ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పాటించే వరస ఒక్కటే. కారు ముందు ఆగాలి, తర్వాత తిన్నగా పోవాలి, ఆ తర్వాతే వేగం. డబ్బు కూడా ఇదే వరసలో ఖర్చు పెట్టాలి. ఎక్కువమంది బడ్జెట్ మొత్తం ఇంజిన్ మీద పోసి, బ్రేకుల సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటారు. ఆ ఏడాదే ప్రమాదం.

బ్రేకులు

1967 మోడల్‌కి ముందు వచ్చిన అమెరికన్ కార్లలో చాలావాటికి మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే భాగం) ఒకటే గది ఉంటుంది. నాలుగు చక్రాలకీ ఆయిల్ అక్కడినుంచే వెళ్తుంది. ఎక్కడ చిన్న లీకు వచ్చినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. నా కారు 1966 షెవెల్. కొన్న మొదటి వేసవిలో వెనక ఆక్సిల్ (ఇరుసు) మీదున్న బ్రేక్ పైపు తుప్పు పట్టి చిల్లు పడింది. స్టాప్ సైన్ దగ్గర పెడల్ తొక్కితే నేరుగా నేలకి తగిలింది. పార్కింగ్ బ్రేక్ తొక్కి, గేరు కిందికి దించి, కూడలి దాటాక ఎలాగో ఆపాను. అడ్డంగా ఎవరూ రాకపోవడం నా అదృష్టం. ఆ వారమే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించాను. ముందు బ్రేకులకి ఒక గది, వెనక బ్రేకులకి ఒక గది. ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. మీ కారు ఇంకా ఒక గదితోనే ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఇది మార్చండి.

పైపులు పైకి మెరుస్తున్నా లోపలి నుంచి తుప్పు పడతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. అరవై ఏళ్ల పైపుని నమ్మొద్దు, మొత్తం కొత్తవి వేయండి. చక్రం దగ్గరి రబ్బరు గొట్టాలది ఇంకో సమస్య. లోపల ఉబ్బిపోయి, తొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిచ్చి, వదిలినప్పుడు వెనక్కి రానివ్వవు. కారు ఒక పక్కకి లాగుతుంటే, డ్రైవ్ చేసి వచ్చాక ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ముందు ఈ గొట్టాన్నే అనుమానించండి.

ముందు చక్రాలకి డిస్కులు పెట్టినప్పుడు డ్రమ్ముల కాలం నాటి వాల్వు అలాగే ఉంచకూడదు. డిస్క్-డ్రమ్ కారుకి సరిపడే, ముందు వెనక బ్రేకుల ఒత్తిడిని సరిచూసే కాంబినేషన్ వాల్వు కావాలి. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి కారు తిరిగిపోతుంది.

ఇప్పుడు ఆ తమ్ముడి క్యామ్ దగ్గరికి వద్దాం. పెద్ద క్యామ్ వేస్తే ఐడిల్‌లో ఇంజిన్ ఊగుతూ అందరూ ఇష్టపడే ఆ చప్పుడు వస్తుంది. కానీ ఇంజిన్ వ్యాక్యూమ్ (గాలిని లోపలికి లాగే పీల్పు) పడిపోతుంది. పెడల్ మీద మీ కాలికి తోడు బలమిచ్చే పవర్ బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఆ వ్యాక్యూమ్‌తోనే. బూస్టర్‌కి దాదాపు 18 అంగుళాల (పాదరసం కొలతలో) వ్యాక్యూమ్ ఉంటే హాయిగా ఉంటుంది. పెద్ద క్యామ్‌తో అది 10 అంగుళాల దగ్గర ఆగితే రెండోసారి తొక్కేసరికి పెడల్ రాయిలా అవుతుంది. అంటే హార్స్‌పవర్ పెరిగిన రోజే బ్రేకు తగ్గిందన్నమాట. క్యామ్ ఆర్డర్ చేసే ముందే బూస్టర్ లేని మాన్యువల్ బ్రేకులా, వ్యాక్యూమ్ పంపా, స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడిచే హైడ్రోబూస్టా, ఏదో ఒకటి తేల్చుకోండి. ముందు పెట్టే సన్న టైర్ల విషయంలోనూ ఇదే తిరకాసు. బరువు తగ్గుతుంది, నిజమే. రోడ్డు మీద ఆపే పట్టు కూడా తగ్గుతుంది. వాటిని స్ట్రిప్‌కి మాత్రమే ఉంచి, ఇంటికి వచ్చేటప్పుడు మామూలు టైర్లు మార్చుకునే ఓపిక ఉంటేనే కొనండి.

ఇంజిన్‌ని పట్టుకుని ఉండేవి

ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అంటే ఇంజిన్ మౌంట్లు ఎవరికీ గుర్తుండవు. 1971 చివర్లో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవర్లేలను వెనక్కి పిలిచింది ఈ మౌంట్ల కోసమే. రబ్బరు తెగిపోతే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ ఎడమవైపు పైకి లేస్తుంది. లేస్తూ లేస్తూ థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) కడ్డీని లాగేస్తుంది. మీరు కాలు తీసినా కారు ఇంకా వేగం పుంజుకుంటూనే ఉంటుంది. మామూలు ఇంజిన్‌తోనే అలా జరిగితే, 450 హార్స్‌పవర్ ఇంజిన్ పాత మౌంట్ల మీద పెడితే ఏమవుతుందో ఆలోచించండి. రబ్బరు తెగినా రెండు ముక్కలూ విడిపోకుండా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉండే మౌంట్లు దొరుకుతాయి, అవి వేయండి. కార్బ్యురేటర్‌కి (గాలీ పెట్రోలూ కలిపే భాగం) థ్రాటిల్‌ని వెనక్కి మూసే రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టండి. ఒకటి తెగినా రెండోది మూసేస్తుంది. సీట్లో ఒకరు కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కి వదులుతుంటే, మీరు బానెట్ దగ్గర నిలబడి థ్రాటిల్ ఎక్కడా పట్టేయకుండా టక్కున మూసుకుంటోందో లేదో చూడండి. ఇంజిన్ ఆఫ్‌లోనే సుమా.

వెనకవైపు సంగతి. చాలా షెవర్లేల ఆక్సిల్ షాఫ్టుని పట్టి ఉంచేది డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) లోపలుండే చిన్న సి-క్లిప్పు. షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికి జారిపోతుంది. గాడులు లేని రేసు టైర్లతో, అంటే స్లిక్ టైర్లతో గట్టిగా లాంచ్ చేసే కారులో ఇది ఊహ కాదు, జరిగే పనే. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే డ్రైవ్ షాఫ్టుకి లూప్ (చుట్టూ ఉండే పట్టీ) తప్పనిసరి అనుకోండి. షాఫ్టు ముందు కొసన ఉండే యూ-జాయింట్ కీలు విరిగితే షాఫ్టు కొస రోడ్డుకి గుచ్చుకుని కారు వెనక భాగాన్ని పైకి లేపగలదు, లేదా నేల చీల్చుకుని మీ సీటు దగ్గరికి రాగలదు. ఉక్కు పట్టీ ఒకటి ఆ రెండిటినీ ఆపుతుంది. దాని ధర ఒక మంచి టైరు ధర కూడా ఉండదు.

ఫ్లాట్ టాపెట్ క్యామ్ (చదునైన టాపెట్లు రాసుకుంటూ నడిచే రకం) వేసిన కొత్త ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదలకండి. 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య 20, 30 నిమిషాలు నడపాలి. జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి. టైమింగ్ ముందే సరిగ్గా పెట్టుకుని, కూలెంట్ నింపుకుని, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకుని మొదలెట్టండి.

గ్యారేజీలో

మన ఇళ్లలో గ్యారేజీ ఇంటికి అతుక్కునే ఉంటుంది. చలిగా ఉందని తలుపు మూసి ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి పాకుతుంది. దానికి వాసన ఉండదు. తలుపు తెరిచి నడిపినా కొంత లోపలికి వస్తుంది కాబట్టి కారుని బయటికి తోసి స్టార్ట్ చేయడమే మేలు. పడకగదుల దగ్గర అలారం ఉండాలి. రెండో సంగతి, చాలా గ్యారేజీల్లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, దాని కింద చిన్న మంట ఎప్పుడూ వెలుగుతుంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతూ వెళ్తుంది. ట్యాంకు దించడం, పెట్రోలు పైపులు విప్పడం లాంటివి బయట చేయండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, దానికి వెల్డింగ్ అనే మాటే ఎత్తొద్దు. మొరాయిస్తున్న ఇంజిన్‌ని లేపడానికి కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఒంపే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. బ్యాక్‌ఫైర్ అయితే మంట లేచేది మీ ముఖం మీదికే. పాత రబ్బరు గొట్టాలు ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకి మెత్తబడి పగులుతాయి, అన్నీ మార్చండి.

జాక్ మీద ఉన్న కారు కిందికి వెళ్లకూడదని అందరికీ తెలుసు. అయినా "ఒక్క నిమిషమే కదా" అని వెళ్తారు. గట్టి కాంక్రీటు మీద జాక్ స్టాండ్లు పెట్టి, కారుని చేత్తో బలంగా ఊపి చూసి, అప్పుడు దూరండి. సిమెంటు ఇటుకలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. ముందు కాయిల్ స్ప్రింగు తీసేటప్పుడు దానిలోంచి గొలుసు దూర్చి ఫ్రేముకి కట్టండి. అది ఎగిరిందంటే ఎముకలు విరుగుతాయి.

ఆ కాలపు బ్రేక్ షూలలో, క్లచ్ ప్లేట్లలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదేయడం నేను ఇప్పటికీ చూస్తుంటాను. తడిపి తుడవండి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారేయండి. ఇంకొకటి, కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉంటుంది. దానితో తుడిచిన ఇనుముని వెల్డ్ చేస్తే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపిన వాయువు అది. డబ్బా మీద ఏం రాసుందో చదివి క్లోరిన్ లేనిదే కొనండి. రెండు భాగాలు కలిపే క్లియర్ కోట్ పెయింట్ ఇంట్లో కొట్టకండి, అందులో ఉండే ఐసోసయనేట్లనే విష రసాయనాల్ని మామూలు మాస్కు ఆపదు. ఆ పని పెయింట్ షాపుకి వదిలేయడం మంచిది.

తుప్పు రేకు కోసే ముందు కాగితాలు చూసుకోండి. ఒరిజినల్ ఇంజిన్ నంబరు కారు గుర్తింపు నంబరుతో (వీఐఎన్) సరిపోలితే ఆ ఇంజిన్ విప్పి, నూనె పట్టించి భద్రంగా దాచండి. వేరే ఇంజిన్‌తో రేసు చేసుకోవచ్చు. వీఐఎన్ ప్లేటుని మాత్రం పెయింట్ కోసమని కూడా ఊడదీయొద్దు. దాన్ని మార్చడం, తీసేయడం అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం.

స్ట్రిప్‌లో మొదటి రాత్రి

పరుగు దూరం క్వార్టర్ మైలు, అంటే 1320 అడుగులు. అమెరికాలో డ్రాగ్ రేసుల్ని నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాలు ఆ దూరానికి పట్టే టైమ్‌ని బట్టి ఉంటాయి. పాత కార్లకి 13.99 సెకన్లు లేదా అంతకన్నా వేగం అయితే హెల్మెట్, స్లిక్ టైర్లుంటే డ్రైవ్ షాఫ్టు లూప్ కావాలి. 11.49 దగ్గర రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఉక్కు కమ్మీ), 10.99 దగ్గర మేలైన ఆక్సిళ్లు, వాటిని పట్టి ఉంచే ఏర్పాటు, 9.99 దగ్గర పూర్తి రోల్ కేజ్, అంటే చుట్టూ ఉక్కు కమ్మీల పంజరం. రూల్‌బుక్‌ని ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కాబట్టి వెళ్లే ఏడాదిది చూసుకోండి. నా సలహా, మీ కారు ఇప్పుడు చేసే టైమ్‌కి కాదు, చేయాలనుకుంటున్న టైమ్‌కి సామాను పెట్టండి. బ్యాటరీని డిక్కీలోకి మార్చితే, బయటినుంచి నొక్కగానే ఇంజిన్ ఆగిపోయే స్విచ్చు కారు వెనక ఉండాలి. రేడియేటర్‌కి ఓవర్‌ఫ్లో డబ్బా పెట్టండి. చాలా స్ట్రిప్‌లలో యాంటీఫ్రీజ్ (రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా కలిపేది) ఒప్పుకోరు, ఒలికితే నూనెలా జారుతుంది. నీళ్లు పోసుకుని వెళ్తే, మళ్లీ చలి మొదలయ్యేలోగా యాంటీఫ్రీజ్ తిరిగి పోయడం మరవకండి. లేకపోతే నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ బ్లాకు పగులుతుంది.

మామూలు టైర్లుంటే బర్నౌట్ (టైర్లు గిరగిరా తిప్పి వేడిచేయడం) కోసం పోసిన నీళ్లలోంచి పోకుండా పక్కనుంచి వెళ్లండి. టైరు గాడుల్లో నీళ్లు మోసుకెళ్లి స్టార్ట్ గీత తడిపేస్తారు, వెనకవాళ్లకి అది ప్రమాదం. మొదటి పరుగు సగం దూరం వరకే తొక్కి వదిలేయండి. కారు ఎటు లాగుతోంది, బ్రేకు ఎక్కడ పడుతోంది తెలియాలి. పన్నెండు సెకన్ల కారు ఫినిష్ గీత దాటేటప్పుడు గంటకి 110 మైళ్ల దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి ఆగడం మొదలు. 2008 జూన్‌లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్ స్ట్రిప్‌లో రేసు డ్రైవర్ స్కాట్ కాలిటా చనిపోయాక, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అన్నిటికన్నా వేగమైన తరగతులు టాప్ ఫ్యూయెల్, ఫన్నీ కార్ల పరుగుని 1000 అడుగులకి కుదించింది. ఆగడానికి చోటు మిగలాలని. ప్యారాచూట్లున్న కార్లకే ఆ అవసరం వచ్చింది. పరుగు మధ్యలో ఏదైనా విరిగినా, ఆయిల్ కారినా గోడ వైపుకి జరిగి ఆపండి, పక్క లేన్‌లోకి మాత్రం రావొద్దు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. క్లాసిక్ కార్ పాలసీలు చాలావరకు స్ట్రిప్ మీద జరిగినదానికి డబ్బివ్వవు. రోడ్డు మీద రేసు గురించి నేను చెప్పేది ఒక్క మాటే. ఎవరైనా తమ కారు పరిగెత్తించి చూసుకునే టెస్ట్ అండ్ ట్యూన్ రాత్రి టికెట్టు కొనుక్కుని ఎన్నిసార్లయినా పరిగెత్తండి. రోడ్డు మీద ఎదురొచ్చే కారులో ఎవరి పిల్లలున్నారో మీకు తెలియదు. డ్రాగ్ రేడియల్స్‌తో (స్ట్రిప్ కోసం చేసిన మెత్తటి టైర్లు) ఇంటికి వస్తుంటే వాన పడితే పక్కన ఆపి, తగ్గాకే బయల్దేరండి. వాటికి నీళ్లలో పట్టుండదు.

టైరు పక్కన DOT అని మొదలయ్యే నంబరు చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా, పదేళ్లు నిండిన టైరుని స్ట్రిప్ మీదికి తేవద్దు.

ఇంటికొచ్చాక కారు కింద పెద్ద అట్టముక్క పరిచి పడుకోండి. పొద్దున్నే చూడండి. ఎర్రటి చుక్క ట్రాన్స్‌మిషన్‌ది, ఆకుపచ్చది కూలెంట్, నల్లటిది ఇంజిన్ ఆయిల్. ఇవి తీరిగ్గా చూసుకోవచ్చు. చక్రం లోపలివైపు పల్చగా, జారుడుగా చుక్క కనబడితే అది బ్రేక్ ఆయిల్ అనుకోండి. దాని కారణం తెలిసేదాకా తాళం చెవి ఇంట్లోనే ఉండనివ్వండి.