మొదటి వెబ్‌సైట్ పనికి డబ్బులు తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

విశాఖ ద్వారకానగర్‌లో కోర్సు చేసినా, ఇంట్లో వీడియోలు చూసి, వెబ్ పేజీలు తయారుచేసే హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్ నేర్చుకున్నా, మొదటి పని ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి.

- డొమైన్ (సైటు అడ్రస్) ఎప్పుడూ సైటు ఓనరు పేరు మీద, ఆయన మెయిల్‌తోనే కొనాలి. నా మొదటి పని గాజువాకలో ఒక టిఫిన్ సెంటర్‌ది. డొమైన్ నా అకౌంట్లోనే కొన్నాను, ఏడాది తిరిగేసరికి రెన్యువల్ మర్చిపోయాను, పొద్దున్నే ఆయన ఫోన్ చేసి "బాబూ, మన సైటు రావట్లేదేటి?" అంటే నాకు నోట మాట రాలేదు.

- ఎన్ని పేజీలు, మార్పులు ఎన్నిసార్లు, ఫొటోలు ఎవరిస్తారు, హోస్టింగ్ (సైటుని ఇంటర్నెట్లో ఉంచే సర్వర్ అద్దె) ఖర్చు ఎవరిది, అన్నీ వాట్సాప్‌లో రాసి పంపి "సరే" అనిపించుకున్నాకే ధర చెప్పండి. సగం అడ్వాన్స్ తీసుకోండి, చుట్టాలైనా సరే. మొహమాటపడితే మిగతాది వసూలు చేయడం చాలా కష్టం.

- యూపీఐలో డబ్బులు రావడానికి మీరు పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే మోసమే.

- గూగుల్‌లో దొరికిన ఫొటో పెట్టొద్దు, దానికి హక్కుదారు ఉంటాడు. ఆర్కే బీచ్ కావాలంటే తెల్లవారుజామున వెళ్లి మీరే తీసుకోండి, వెలుగు కూడా బాగుంటుంది.

- తెలుగు అక్షరాలకి లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) పెంచండి. ఇంగ్లిష్‌కి సరిపోయే 1.2 (అక్షరం సైజుకి 1.2 రెట్లు) పెడితే "లక్ష్మి"లో మ వత్తు కింది లైన్‌కి తగలొచ్చు. 1.6 దగ్గర మొదలుపెట్టి, తక్కువ ధర ఫోన్‌లో కూడా తెరిచి చూడండి.

- పాత సైటు మీద చెయ్యి వేసే ముందు బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.