‘మందు పడలేదు’ అనే ముందు

మా వైపు కుక్కకి మందేశాక ఏ తేడా కనపడినా అందరి నోటా ఒకటే మాట, ‘మందు పడలేదు’ అని. వాంతి చేసుకున్నా పడలేదు, మొహం వాచినా పడలేదు, రాత్రంతా నీళ్లు తాగినా పడలేదు. వెంటనే మందు మానేసి, వేడి చేసిందంటూ గ్లాసుడు మజ్జిగ పోస్తారు. నేనూ అలాగే చేసేదాన్ని. మా కుక్క నల్లోడు జబ్బుపడ్డాక తెలిసింది, ఆ ఒక్క మాట కింద మూడు వేరే వేరే సంగతులు ఉన్నాయని. మందుకి సహజంగా ఉండే గుణం ఒకటి. ఒంటికి సరిపడక వచ్చే ఎలర్జీ ఇంకొకటి. మందు ఇంకా పనిచెయ్యక అసలు జబ్బే ముదరడం మూడోది. మొదటిదానికి మందు వేసే పద్ధతి మార్చుకుంటే చాలు. రెండోదానికి ఆ మందు జన్మలో మళ్లీ ఇవ్వకూడదు. మూడోదానికి మందు మానేశామో కుక్క దక్కదు.

మాది సఖినేటిపల్లి మండలం, వశిష్ఠ గోదావరి ఒడ్డు. డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తుంటాను. నల్లోడు నాటు కుక్కే, ఆరేళ్లవాడు. వర్షాకాలంలో గోమార్లు పట్టాయి, మీ వైపు పిడుదులంటారేమో. ఏరుతూనే ఉన్నాను. అయినా ఓ రోజు అన్నం వాసన కూడా చూడకుండా అరుగు కింద పడుకున్నాడు. మర్నాడు ముక్కులోంచి రక్తం చుక్కలు. నది అవతల నరసాపురం తీసుకెళ్తే రక్తం పరీక్ష చేసి ఎర్లీకియా అన్నారు డాక్టరు గారు. గోమార్ల వల్ల వచ్చే జ్వరమే. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు తప్పకుండా వెయ్యాలన్నారు. కిలో బరువుకి రోజుకి 10 మిల్లీగ్రాముల లెక్క. వీడు 18 కిలోలు కాబట్టి 180కి దగ్గరగా పొద్దున 100, సాయంత్రం 100.

బరువు ఉజ్జాయింపుగా చెప్పకండి. ధాన్యం తూచే కాటా మీద వాడిని ఎత్తుకుని నిలబడండి, తరవాత మీరొక్కరే నిలబడండి. తేడాయే వాడి బరువు. మందు మోతాదంతా ఆ అంకె మీదే నడుస్తుంది.

మొదటి రెండు రోజులూ మాత్ర వేసిన అరగంటకే పసుపుపచ్చటి పసరు కక్కాడు. మా అత్తయ్య గారు ‘మందు పడలేదే అమ్మాయ్, మానెయ్’ అన్నారు. మానేసేదాన్నే, ముందు డాక్టరు గారికి ఫోన్ చెయ్యకపోతే. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న, కడుపులో ఏమన్నా ఉండగా వేశావా అమ్మా అని. తెల్లవారగట్ల పరగడుపున వేశాను. డాక్సీసైక్లిన్ ఖాళీ కడుపుని రేపుతుంది, అది దాని గుణం. సరే అని పెరుగన్నంలో పెట్టి ఇచ్చాను. అదీ తప్పే. పాలు, పెరుగు, మజ్జిగలో ఉండే కాల్షియం ఈ మందుని పట్టేసుకుని ఒంట్లోకి పూర్తిగా పోనివ్వదు. రక్తానికని ఇచ్చే ఐరన్ టానిక్కూ, గ్యాసుకి తాగే తెల్లటి సిరప్పూ కూడా అంతే. అవి ఇవ్వాల్సి వస్తే రెండు మూడు గంటల ఎడం ఉండాలి. వేడి చేసిందని మనం పోసే మజ్జిగ మందునే నీరుగార్చేస్తుందన్నమాట.

తరవాత నుంచీ ఇలా చేశాను. వేడన్నంలో ఉడికిన గుడ్డు చిదిపి, ఉప్పూ కారం లేకుండా, ఉల్లిపాయా వెల్లుల్లీ తగలకుండా కలిపేదాన్ని. ఉల్లి జాతి కుక్క రక్తాన్ని విరిచేస్తుంది, అసలే వీడికి రక్తం తక్కువ. నాలుగు ముద్దలు మామూలుగా తిననిచ్చి, తరవాత ఉసిరికాయంత ముద్దలు మూడు చేసేదాన్ని. మొదటిది ఉత్తిది. రెండోదానిలో మాత్ర. మూడోది రెండోది మింగేలోపే ముక్కు ముందు పెట్టాలి. దాని ఆశతో రెండోది నమలకుండా గుటుక్కుమని మింగేస్తాడు. ఆఖర్న సూది తీసేసిన సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు, పెదవి పక్కన చెంప సంచిలోకి, కొద్దికొద్దిగా. తల పైకెత్తి గొంతులోకి పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ నీళ్లు ఎందుకంటే, డాక్సీ మాత్ర అన్నవాహికలో అంటుకుని ఉండిపోతే అక్కడ పుండు పడుతుంది. మింగేటప్పుడు మెడ చాపి నొప్పిగా గుటకలేస్తుంటే అదేనేమోనని అనుమానించాలి.

మూడో రోజు నుంచి వాంతులు లేవు. మందు అదే, మోతాదూ అదే.

మాత్ర కొరికి నోటి నిండా నురగ పెట్టుకుంటే చాలామంది ఎలర్జీ అని హడలిపోతారు. మెట్రోనిడజోల్ లాంటి చేదు మాత్ర నాలిక్కి తగిలితే నురగ వస్తుంది, కాసిని నీళ్లు తాగితే పోతుంది. అది వేరు. రోజుకి రెండు మూడుసార్లు కక్కుతున్నా, కక్కినదాంట్లో రక్తం ఉన్నా, విరేచనం తారులా నల్లగా జిగటగా వచ్చినా, కంటి తెల్లగుడ్డు పచ్చబడినా ఆ పూట మందు వెయ్యకుండా వెంటనే ఫోన్ చెయ్యాలి. మాత్ర కక్కేస్తే మీ అంతట మీరు ఇంకోటి వెయ్యకండి. ఎంతసేపటికి కక్కింది, మాత్ర కనపడిందా అన్నది చెప్పి అడగండి.

ఇక ఎలర్జీ. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనకి దొరికే టైము నిమిషాల్లో ఉంటుంది.

ఆ వారమే వెనక కాలి పుండు చీము పట్టిందని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ చేశారు. అరగంట ఇక్కడే కూచోమ్మా అన్నారు డాక్టరు గారు. పంటు, అంటే నది దాటించే పడవ, వెళ్లిపోతుందన్న కంగారులో నేను పది నిమిషాలకే ఆటో ఎక్కేశాను. రేవులో పంటు కోసం నిలబడ్డాం. ఇంజెక్షన్ అయ్యి పాతిక నిమిషాలై ఉంటుంది. నల్లోడు ముందరి కాలితో మూతి రుద్దుకోవడం మొదలెట్టాడు. ఈగ అనుకున్నాను. తరవాత ఇసకలో మొహం పెట్టి రాసుకున్నాడు. తల ఎత్తేసరికి పై పెదవి రెండు వైపులా ఉబ్బి కిందికి వేలాడుతోంది, కళ్లు సగం మూసుకుపోయాయి. ఒళ్లు తడిమితే నల్ల వెంట్రుకల కింద శనగ గింజల్లా, కొన్ని రూపాయి బిళ్లల్లా గట్లు చేతికి తగిలాయి. అక్కడక్కడా వెంట్రుకలు కుచ్చులుగా లేచి ఉన్నాయి. తెల్ల కుక్కకైతే దద్దుర్లు ఎర్రగా కనపడతాయి. నల్ల కుక్కకి కళ్లతో చూస్తే ఏమీ కనపడవు, అరచేత్తో చూడాలి. ‘తమ్ముడూ, వెనక్కి తిప్పు’ అన్నాను. ఆటో అబ్బాయి మారుమాట లేకుండా తిప్పాడు. పంటు ఎక్కి నది మధ్యలో ఉండగా వచ్చుంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ ఊహించలేను.

ఆటోలోనే ఫోన్ చేశాను. ఆయన అడిగినవి ఇవి: ఊపిరి ఎలా ఉంది, చిగుళ్లు ఏ రంగు, నిలబడుతున్నాడా, కక్కాడా. మీరూ ఇదే వరసలో చూడండి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకి రావాలి. మావాడి చిగుళ్లే నలుపు, అందుకని కింది కనురెప్ప లాగి లోపల చూశాను. అక్కడ గులాబీగానే ఉంది. తెల్లగా పాలిపోయినా, నీలంగా ఉన్నా, రంగు రావడానికి ఆలస్యమైనా రక్తం సరిగ్గా తిరగడం లేదని అర్థం.

ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. మనుషులకి ప్రాణాంతకమైన ఎలర్జీ వస్తే గొంతు బిగుసుకుని ఊపిరాడదు. కుక్కకి ఆ దెబ్బ ఎక్కువగా కాలేయం మీద, పేగుల మీద పడుతుంది. మందు పడ్డ కొద్ది నిమిషాల్లో ఉన్నట్టుండి వాంతి, నీళ్ల విరేచనం, ఒక్కోసారి రక్తంతో, కాళ్లు చల్లబడటం, తూలి పడిపోవడం. మొహం అస్సలు వాయకుండా కూడా ఇలా రావచ్చు. ‘వాపు లేదుగా, తిన్నది పడలేదేమో’ అని ఇంట్లో కూచుంటే అయిపోయినట్టే. దానికి మందు ఎడ్రినలిన్, సెలైను. అవి డాక్టరు చేతిలోనే ఉంటాయి. మనం చెయ్యగలిగింది త్వరగా చేర్చడం, పక్కకి పడుకోబెట్టి మెడ సాఫీగా ఉంచడం, నోట్లో నీళ్లూ మాత్రలూ ఏవీ పొయ్యకపోవడం, వస్తున్నామని ముందే ఫోన్ చెయ్యడం.

మొహం వాపుకి మా కోనసీమలో ఇంకో కారణం కూడా ఉంది, పాము. కొబ్బరి తోటల్లో తిరిగే కుక్క మూతి మీదే కాటు పడుతుంది. ఎలర్జీ వాపు మెత్తగా, రెండు వైపులా, దురదతో ఉంటుంది. పాము కాటు వాపు ఎక్కువగా ఒక పక్కన, ముట్టుకుంటే అరిచేంత నొప్పితో, గాట్లతో, రక్తం కారుతూ ఉంటుంది. తేడా తేల్చుకునే దాకా ఆగకండి, రెండూ ఆసుపత్రి కేసులే.

నల్లోడికి రెండు ఇంజెక్షన్లు చేశాక గంటన్నరకి వాపు దిగింది. అప్పటికీ ఆ రాత్రి మంచం పక్కనే పడుకోబెట్టుకున్నాను. ఇంజెక్షన్ పవర్ తగ్గాక కొన్ని గంటలకి వాపు తిరగబెట్టొచ్చు కాబట్టి ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడు వాడి బరువుకి ఎంతో డాక్టరు గారి చేత రాయించుకుని ఉత్త సిట్రిజిన్ మాత్రలు ఇంట్లో పెట్టుకున్నాను. అవి దద్దుర్లకే, ప్రాణం మీదికొస్తే వాటితో పని జరగదు. మెడికల్ షాపులో జలుబు కోసం ఇచ్చే కలగలుపు మాత్రలు మాత్రం వెయ్యకండి. వాటిలో ఉండే పారాసెటమాల్, ముక్కుదిబ్బడ తగ్గించే మందులు కుక్కకి విషం.

పుండు మానాక, రక్తంలో ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువగానే ఉన్నాయని ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కొన్నాళ్లు రాశారు. ఇది వేశాక కుక్క మారిపోయినట్టు ఉంటుంది. రోజుకి ఒక చెంబు తాగేవాడు నాలుగు చెంబులు తాగాడు, రాత్రి మూడుసార్లు బయటికి తీసుకెళ్లమని తలుపు గీరాడు, ఎంత పెట్టినా ఆకలే, పడుకున్నా రొప్పుతూనే ఉన్నాడు. ఇవన్నీ మందు గుణాలే. మంచం తడుపుతున్నాడని నీళ్ల గిన్నె తీసెయ్యకండి, ఒళ్లు ఎండిపోతుంది. విసుగొచ్చి ఒక్కసారిగా మాత్రలు ఆపెయ్యకండి. ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇది నడుస్తుండగా నొప్పికని మెలాక్సికామ్ లాంటిది ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మాట మీరే ముందు చెప్పాలి.

మన ఇంట్లో ఉండే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ ఏవీ కుక్కకి వద్దు. జ్వరం ఉందో లేదో ముక్కు ముట్టుకుని చెప్పొద్దు, థర్మామీటరుకి కొబ్బరి నూనె రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా కుక్కకి మామూలే.

గోమార్లకి చేలో కొట్టే మందు కలిపి పూసేవాళ్లని చూశాను, నా మనసు తరుక్కుపోయింది. చొంగ, కన్నీళ్లు, కండరాలు అదరడం, ఆ తరవాత ఊపిరి ఆగిపోవడం. కిరసనాయిలూ వద్దు. పూత మందు ఏదైనా పూశాక కుక్క తూగుతున్నా వణుకుతున్నా చేతులకి కవర్లు తొడుక్కుని సబ్బునీళ్లతో కడిగేసి, నాకకుండా చూసి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. గజ్జికి చేసే ఐవర్‌మెక్టిన్ కూడా కోలీ జాతి కుక్కలకి మెదడుకెక్కుతుంది. కంటిపాప పెద్దదై, తూలి, చూపు పోతుంది. మీది ఏ జాతి కలిసిన కుక్కో తెలిస్తే చేయించే ముందే చెప్పండి.

వీటన్నిటిలో నన్ను కాపాడింది సంఘం లెక్కల అలవాటు. నల్లోడికో నోటుపుస్తకం పెట్టాను. తేదీ, టైము, మందు పేరు, ఎంత, ముందు ఏం తిన్నాడు, తరవాత ఏమైంది, ఎన్ని నిమిషాలకి. ఆఖరి గడే అన్నిటికన్నా విలువైంది. నిమిషాల్లో వస్తే ఎలర్జీ అని ముందు అనుమానించాలి. ప్రతి మాత్రకీ అదే టైముకి అదే బాధ వస్తుంటే మందు గుణం అయ్యుండొచ్చు. మందుతో సంబంధం లేకుండా రోజురోజుకీ దిగజారుతుంటే జబ్బే కావచ్చు. సల్ఫా మందుల్లాంటివి వారం పైన కూడా ఎలర్జీ చూపిస్తాయి, కీళ్లు వాచడం, కళ్లు ఎండి పుసులు కట్టడం. పుస్తకం లేకపోతే అవి దేనివల్లో ఎవరికీ గుర్తుండదు. వాపునీ, కక్కినదాన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆసుపత్రికి చేరేసరికి దిగిపోవచ్చు. మాత్రల అట్ట పారెయ్యకండి.

నల్లోడి పుస్తకం అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంది: సెఫ్ట్రియాక్సోన్ వద్దు, 25 నిమిషాలకి మొహం వాపు. ఆ జాతి మందులు ఏవి రాసినా ముందు డాక్టరుకి ఇది చూపిస్తాను, టీకాకి వెళ్లినా సరే. దాని కిందే డాక్టరు గారి నంబరు, పశువుల అంబులెన్సు నంబరు 1962, తెలిసిన ఇద్దరు ఆటోవాళ్ల నంబర్లు. రాత్రి పొద్దుపోతే పంటు ఉండదు, వరదొస్తే పగలూ ఉండదు. అప్పుడు దిండి వెళ్లి చించినాడ వంతెన దాటాలి. ఏ ఆటో అబ్బాయి అర్ధరాత్రి అటు వస్తాడో ముందే అడిగి, వాడి పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాను.