ఇంట్లోనే వాచ్ మూవ్‌మెంట్ (లోపలి మెషిన్) మారుస్తున్నారా? విప్పే ముందు ఇవి చూస్కోండి

సీకో 5 (Seiko 5) వాచ్‌లో పాత 7ఎస్26 మూవ్‌మెంట్ తీసి ఎన్‌హెచ్36 మూవ్‌మెంట్ వేద్దామనుకునేవాళ్ల కోసం.

బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగే చక్రం) వైపు వేలు గానీ ట్వీజర్ గానీ అస్సలు పోనివ్వద్దు, దాని హెయిర్‌స్ప్రింగ్ వెంట్రుక కంటే సన్నం, ఒక్కసారి వంగిందంటే కొత్త మూవ్‌మెంట్ డబ్బులు పోయినట్టే.

స్టెమ్ (క్రౌన్‌ని, అంటే పక్కనుండే తిప్పే బుడిపెని, మూవ్‌మెంట్‌కి కలిపే సన్న కడ్డీ) ఒకేసారి కట్ చేయకండి. కొంచెం కొంచెం అరగదీస్తూ కేస్‌లో పెట్టి చూడండి, పొట్టిదైతే మళ్లీ కొత్తది కొనాల్సిందే.

ముళ్లు పెట్టేముందు క్రౌన్ తిప్పుతూ తారీఖు మారగానే ఆపి, అన్నీ 12 మీద పెట్టండి, లేకపోతే తారీఖు ఏ మధ్యాహ్నమో మారుద్ది. సెకన్ల ముల్లు కూర్చునే పిన్ 0.20 మిల్లీమీటర్లే, నిటారుగా మెల్లగా నొక్కండి.

ఫ్యాన్ ఆపేయండి, డయల్ మీద దుమ్ము పడితే మళ్లీ మొత్తం విప్పాలి.