ఫొటో పాఠాలు – 6: సలహా ఏ ఊరిది?

పోయిన పాఠంలో షట్టర్ స్పీడు (వెలుగు లోపలికి వచ్చే సమయం), అపర్చర్ (లెన్సు రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్నది) మూడింటినీ కలిపి చూశాం. ఈసారి కెమెరాలో కొత్త బటన్ ఏదీ నొక్కబోవడం లేదు. తోటివాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే సలహాను ఎలా తూచాలి, మనం ఒకరికి చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలి అన్నది ఈ పాఠం. సరదాకి ఫొటోలు తీసేవాళ్లకు సగం చదువు అక్కడే జరుగుతుంది కాబట్టి దీన్ని కూడా ఒక నైపుణ్యంగానే నేర్చుకోవాలి.

గండికోట అంచున నిలబడి తీసిన ఫొటో ఒకటి గ్రూపులో పెట్టారనుకోండి. ఆకాశం తెల్లగా పేలిపోయింది, లోయ నల్లగా పడింది. "ఏం చేయాలన్నా?" అని అడిగారు. టీ తాగి వచ్చేలోగా జవాబులు వరుసగా వచ్చి ఉంటాయి. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) కొను. ఎఫ్ 22 (బాగా చిన్న అపర్చర్) పెట్టు. హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుగుల్లో తీసినవి కలిపే పద్ధతి) తియ్. తెల్లారుజామునే పో. క్రాప్ సెన్సర్‌తో (35 ఎంఎం ఫిల్ము కంటే చిన్న సెన్సర్) ఇంతే, ఫుల్ ఫ్రేమ్‌కి (ఆ ఫిల్ము అంత సెన్సర్) మారు. వీళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఎవరికి ఏది పనిచేసిందో అది చెప్పారు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకరికి డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ఇంకొకరు మందుల షాపుకు పోతే ఎట్లుంటుందో ఇదీ అంతే. కాబట్టి సలహా చేతికి రాగానే దాని పుట్టుక అడగండి. ఏ కెమెరాతో, ఏ వెలుగులో, ఏ పని కోసం పుట్టింది?

మనందరికీ తెలిసిన సూత్రంతో మొదలుపెడదాం. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడు లెన్సు ఫోకల్ లెంగ్త్ కంటే తగ్గకూడదంటారు. అంటే 50 ఎంఎం లెన్సుకు 1/50 సెకను, 200 ఎంఎంకు 1/200. ఇది 35 ఎంఎం ఫిల్ము కాలంలో, ఫొటోను చిన్న ప్రింటుగా చేతిలో పెట్టుకుని చూసే రోజుల్లో పుట్టిన లెక్క. మన చేతుల్లో ఎక్కువగా ఉండేవి క్రాప్ సెన్సర్ కెమెరాలు. వాటికి ఆ అంకెను 1.5తో గుణించాలి, కెనాన్ అయితే 1.6తో. అప్పుడు 50 ఎంఎంకు దాదాపు 1/80 అవుతుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోను కంప్యూటర్‌లో నూరు శాతం పెద్దది చేసి చూసే అలవాటు ఉంటే అది కూడా చాలకపోవచ్చు.

ఆ సూత్రం దేనికి పనికొస్తుందన్నది ఇంకా ముఖ్యం. అది మీ చెయ్యి వణుకు గురించి మాత్రమే చెబుతుంది, ఎదుట ఉన్నది కదలడం గురించి ఏమీ చెప్పదు. "లెన్సులో స్టెబిలైజర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంది కదా, 1/30లో తీసెయ్" అన్న సలహా లేపాక్షి మంటపంలో పైకప్పు బొమ్మలు తీసేవాళ్లకు బంగారం. వెలుగు తక్కువ, బొమ్మలు కదలవు. అదే సలహాతో బండలాగుడు పోటీకి పోతే ఎద్దుల తలలు, పక్కన పరుగెత్తే మనుషులు అన్నీ పొగలా వస్తాయి. అక్కడ స్టెబిలైజర్ ఎంత మంచిదైనా 1/500కు తగ్గకుండా మొదలుపెట్టాల్సిందే. సలహా ఒకటే, తీసే వస్తువు మారింది.

కడప ఎండ, లండన్ ఎండ

"గోల్డెన్ అవర్‌లో తియ్, మంచి వెలుగు గంటసేపు ఉంటుంది" అని ఇంగ్లీషు వీడియోల్లో వింటాం. వింటాం, తెలుగులోకి మార్చి ఇంకొకరికి పంపిస్తాం. ఆ గంట ఎవరి ఊరి గంటో ఆలోచించం. సూర్యుడు దిగంతం నుంచి 6 డిగ్రీల ఎత్తు ఎక్కేదాకా ఉండే వెలుగును గోల్డెన్ అవర్ అనుకుంటే, కడప అక్షాంశంలో, అంటే దాదాపు 14.5 డిగ్రీల దగ్గర, అది సుమారు 25 నిమిషాలే. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు, నిటారుగా దిగుతాడు. లండన్‌లో ఏటవాలుగా లేస్తాడు కాబట్టి మార్చి నెలలో కూడా అదే ఎత్తుకు 40 నిమిషాల దాకా పడుతుంది, వాళ్ల వేసవిలో ఇంకా ఎక్కువ. ఆ లెక్క నమ్ముకుని నింపాదిగా జమ్మలమడుగులో టిఫిను తిని బయల్దేరితే కోట చేరేసరికి వెలుగు తెల్లబడి ఉంటుంది. ఇక్కడ సూర్యోదయానికి ముందే ట్రైపాడ్ నిలబెట్టుకుని ఉండాలి.

ఇంకో సంగతి. "మధ్యాహ్నం కెమెరా బ్యాగులోనే ఉంచు" అన్నది మనుషుల ముఖాల విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. మన దగ్గర ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు మధ్యలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడ కాళ్ల కిందకు పోతుంది, కళ్ల గుంతలు నల్లబడతాయి. కానీ గండికోట దగ్గర పెన్నానది లోయ అడుగున పారుతుంది. సూర్యుడు కిందుగా ఉన్నంతసేపు గోడల నీడ అడుగు మీద పడే ఉంటుంది. పైన బండలు బంగారంలా మెరుస్తుంటే కింద నీళ్లు కనపడవు. మీకు కావాల్సింది కోట గోడా, నదా? నది అయితే ఎండ కాస్త పైకెక్కాక తీసినవాళ్ల సలహా వినండి, పొద్దుటి వాళ్లది వద్దు. మొదట అనుకున్న ఆ పేలిపోయిన ఫొటోకు నా జవాబు కూడా ఇదే. వస్తువు కొనడం కంటే ముందు వేళ మార్చి చూడాలి. ఎఫ్ 22 అన్న సలహా మాత్రం ఆ సమస్యకు అసలు సంబంధం లేనిది. అపర్చర్ తగ్గిస్తే ఆకాశమూ లోయా రెండూ కలిసే చీకటవుతాయి, వాటి మధ్య తేడా తగ్గదు.

నల్ల బండ, తెల్ల తుండుగుడ్డ

ఈ మధ్య బాగా తిరుగుతున్న సలహా "ఎక్స్‌పోజర్ ఎప్పుడూ మైనస్ 0.7లో పెట్టుకో" అన్నది, అంటే కెమెరా లెక్క కట్టిన దానికంటే కాస్త చీకటిగా తియ్ అని. దీన్ని కాస్త నిదానంగా విప్పుదాం. ఎందుకంటే దీన్ని పరీక్షించే సామాను మన ఇళ్లలోనే పరిచి ఉంది.

కెమెరా మీటరు తన ముందున్నది నడిమి బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. దానికి నల్లది చూపిస్తే వెలుగు పెంచి బూడిద చేస్తుంది, తెల్లది చూపిస్తే తగ్గించి బూడిద చేస్తుంది. నమ్మకం కుదరకపోతే నల్ల కడప బండ పరిచిన వరండాలో, నేరుగా ఎండ పడని చోట, ఒక తెల్ల తుండుగుడ్డ పరవండి. కెమెరాను స్పాట్ మీటరింగ్‌లో (ఫ్రేములో ఒక్క చిన్న చోటే చూసి వెలుగు కొలిచే పద్ధతి) పెట్టండి. మ్యాట్రిక్స్‌లో (ఫ్రేము మొత్తం చూసి కొలిచే పద్ధతి) ఉంటే అది తన తెలివితో కొంత సర్దేస్తుంది, తేడా స్పష్టంగా తెలియదు. ఫ్రేము నిండా బండ ఒక్కటే వచ్చేలా ఒక ఫొటో, గుడ్డ ఒక్కటే వచ్చేలా ఒకటి తీయండి. రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫు) తెరిస్తే రెండింటి గుట్టా మధ్యలోనే ఉంటుంది. ఇప్పుడు గుడ్డకు ప్లస్ 1, బండకు మైనస్ 1 ఇచ్చి తీసి చూడండి. గుడ్డ తెలుపుకు, బండ నలుపుకు దగ్గరగా జరుగుతాయి.

అంటే "ఎప్పుడూ మైనస్" అనేవాళ్లు ఎవరై ఉంటారు? రా ఫైళ్లలో (సెన్సర్ పట్టింది పట్టినట్టే ఉండే ఫైళ్లు) తీసి తర్వాత కంప్యూటర్‌లో నీడలు పైకి లేపుకునేవాళ్లు. రా ఫైలులో ఒక్కో రంగుకు 12 లేదా 14 బిట్లు ఉంటాయి, అంటే 4,096 లేదా 16,384 మెట్లు. జేపెగ్‌లో 256 మెట్లే. వాళ్లకు ఆకాశం పేలకుండా కాపాడుకుంటే చాలు, చీకటిలో ఉన్నది వెనక్కి తెచ్చుకోగలరు. జేపెగ్‌లో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడు అదే పాటిస్తే చామనఛాయ ముఖాలు మసకబారతాయి. వాటిని లేపబోతే నాయిస్ చుక్కలు తేలతాయి. "అన్నా, మీరు రాలో తీస్తారా, జేపెగ్‌లోనా?" అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

సాక్ష్యం అడగండి

సలహాతో పాటు ఫొటో కూడా వస్తే మంచిదే. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, దాంట్లోని ఎక్సిఫ్ వివరాలూ (ఫొటోతో పాటు కెమెరా రాసిపెట్టే సెట్టింగులు) పోతాయి. షార్ప్‌నెస్ గురించో నాయిస్ గురించో ఆ ఫొటో చూసి తీర్పు చెప్పడం దండగ. డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు కెమెరా, లెన్సు, ఐఎస్ఓ, షట్టర్, తీసిన వేళ చదువుకోవచ్చు. వేళ చూడటం మరవొద్దు. "మధ్యాహ్నం తీశా" అన్న ఫొటో పొద్దున ఆరున్నరది అయి ఉండొచ్చు, అయితే కెమెరాలో గడియారం సరిగా పెట్టుకోనివాళ్లూ మనలో బోలెడంతమంది. ట్రైపాడ్ వాడారా, పక్కన ఎవరైనా రిఫ్లెక్టర్ పట్టుకున్నారా, ఈ ఒక్కటి రావడానికి ఎన్ని పారేశారు అన్నవి ఎక్సిఫ్‌లో ఉండవు. అవి నోరు తెరిచి అడగాలి. మంచి ఫొటోగ్రాఫర్లు చెబుతారు. చెప్పనివాళ్లు కూడా మంచి ఫొటోలు తీస్తుండొచ్చు, కానీ వాళ్ల సలహాకు నేను తక్కువ మార్కులు వేస్తాను.

సొంతంగా పరీక్ష చేస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి. ఎఫ్ 22 సంగతే చూద్దాం. గోడకు దినపత్రిక అతికించి, ట్రైపాడ్ మీద, రెండు సెకన్ల టైమర్‌తో, ఎఫ్ 8లో ఒకటి, ఎఫ్ 22లో ఒకటి తీయండి. ఐఎస్ఓ కదపొద్దు, షట్టర్‌తో వెలుగు సమం చేసుకోండి. పెద్దది చేసి చూస్తే ఎఫ్ 22లో అక్షరాల అంచులు మెత్తబడి ఉంటాయి. మరీ చిన్న రంధ్రం గుండా పోయేటప్పుడు వెలుగు చెదురుతుంది, దాన్నే డిఫ్రాక్షన్ అంటారు. తర్వాత ఆ రెండు ఫొటోలనే ఫోన్‌లో చూడండి. తేడా కనపడదు. మీ ఫొటోలు ఫోన్ దాటి పోనివైతే ఈ గొడవంతా మీది కాదు!

కంపోజిషన్ సలహాల గురించి ఎక్కువ చెప్పను. ముఖ్యమైనదాన్ని నడిమిలో కాకుండా ఫ్రేములో మూడో వంతు గీత మీద పెట్టమనే మూడో వంతు సూత్రాన్ని పేరు పెట్టి రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు, 1797లో. నేల, నీరు, ఆకాశం ఉండే పల్లె దృశ్యాల కోసం చెప్పాడు. ఒంటిమిట్ట గోపురానికి సూటిగా ఎదురుగా నిలబడి తీస్తూ, దాన్ని బలవంతాన పక్కకు జరపాల్సిన పని లేదు.

నిల్వ సలహాలకు కూడా ఊరు ఉంటుంది. లెన్సుకు బూజు పడుతుంది, డ్రై క్యాబినెట్ కొనమని విశాఖ, కొచ్చి వాళ్లు చెబుతారు. సముద్రపు తేమలో అది అవసరం. అనంతపురంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఇక్కడ కెమెరాకు దుమ్ము, వేడి అసలు శత్రువులు. ఆ డబ్బుతో ఒక బ్లోయర్, మూత సరిగా పడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ కొనుక్కుని మిగిలింది దాచుకోండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం కెమెరా వదలకండి.

కొన్ని సలహాలను పరీక్షించనే కూడదు, తప్పని తేలేసరికి నష్టం జరిగిపోతుంది. గ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టి వ్యూఫైండర్‌లో చూడొచ్చు అనేది అలాంటిది. ఆ ఫిల్ము పరారుణ కిరణాలను ఆపదు, కన్ను పోతుంది. సోలార్ ఫిల్టర్ లెన్సు ముందు ఉండాలి, కంటి వైపు కాదు. తడిసిన కెమెరాను బియ్యంలో పాతిపెట్టడం, లెన్సు గీతలకు టూత్‌పేస్టు రుద్దడం కూడా ఈ జాతివే. బియ్యప్పొడి సందుల్లోకి పోతుంది, టూత్‌పేస్టు లెన్సు మీది పూతనే అరగదీస్తుంది.

ఇక మన వంతు. ఎవరైనా ఫొటో పెడితే "సూపర్ అన్నా" అనడంలో తప్పేం లేదు, పలకరింపుగా బాగుంటుంది, పాఠంగా పనికిరాదు. "బాలేదు, ఫోకస్ నేర్చుకో" అన్నదీ అంతే, పైగా మనసు నొప్పిస్తుంది. కనిపించింది ముందు చెప్పండి, కారణం తర్వాత, మీ అనుభవం ఏ పరిస్థితిదో ఆఖర్న. ఇలా:

"తమ్ముడూ, ఎద్దుల కొమ్ములు రెండుగా కనిపిస్తున్నాయి, వెనక జనం మాత్రం స్పష్టంగా ఉన్నారు. అంటే నీ చెయ్యి కదల్లేదు, ఎద్దులు కదిలాయి. షట్టర్ ఎంత పెట్టావ్?"

"1/125 అన్నా. ఇంకా పెంచితే చీకటి అవుతుందని టెన్షన్."

"ఐఎస్ఓ 800కు పెంచి 1/500లో తియ్ ప్పా. నాది క్రాప్ కెమెరా, సాయంత్రం నాలుగింటి ఎండలో అట్లనే తీశా. మబ్బు పడితే సరిపోతుందో లేదో నేను చూడలే."

చివరి మాట గమనించండి. తాను చూడనిది చూడలేదని చెప్పేశాడు కాబట్టి, మబ్బు రోజున ఏం చేయాలో తమ్ముడు తానే వెతుక్కుంటాడు. పెద్దవాళ్ల ఫొటోకు తప్పు చెప్పాల్సి వస్తే అందరి ముందూ వద్దు, విడిగా మెసేజ్ పెట్టండి. అడగనిదే ఎడిట్ చేసి చూపించడం కూడా నాకు నచ్చదు, కొందరు దాన్నే సాయం అనుకుంటారు.

ఇంటి పని: ఈ నెలలో మీకు ఆన్‌లైన్‌లో వచ్చిన సలహా ఒకటి తీసుకోండి. చెప్పినవాళ్ల కెమెరా, లెన్సు, ఊరు, వేళ, తీసిన వస్తువు, రా ఫైలా జేపెగ్గా, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. తెలియని గడి ఎదురైతే వాళ్లనే అడిగి నింపండి. పక్కనే మీ వివరాలు రాసి, ఎక్కడ తేడా ఉందో ఆ ఒక్కదాన్నే మార్చి రెండు ఫొటోలు తీయండి. తుండుగుడ్డ పరీక్ష కూడా చేసి ఫైళ్లు దాచుకోండి, వచ్చే పాఠంలో హిస్టోగ్రామ్ చదవడానికి ఆ ఫొటోలే కావాలి.