విషాదం తర్వాత మేయర్ పని – ఐదో పాఠం: రెండు సభలు

ఈ పాఠంలో స్మారకాల గురించి చెప్తానని కిందటిసారి మాట ఇచ్చాను. అది ఆరో పాఠానికి జరిగింది. నాలుగో పాఠం అభ్యాసాలు చదివాక ముందుకు వెళ్లడానికి మనసు ఒప్పలేదు. దుర్ఘటన జరిగిన రోజు సాయంత్రం మేయర్ చేసే ప్రకటన, ఆ తర్వాత మూడు రోజుల కార్యక్రమం రాయమన్నాను. ప్రకటనలు చాలామంది బాగా రాశారు. కార్యక్రమం దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ ఒకేచోట బోల్తా పడ్డారు.

ముందు ప్రకటనల్లో మిగిలిన లోపాలు చెప్పి ముగిస్తాను. మృతుల సంఖ్య విషయంలో ఇంకా తొందరపడుతున్నారు. 2001 సెప్టెంబరు 11 మధ్యాహ్నం ఎందరు చనిపోయి ఉంటారని విలేకరులు అడిగితే న్యూయార్క్ మేయర్ రూడీ జూలియానీ అంకె చెప్పలేదు. చివరికి తేలే సంఖ్య మనలో ఎవరూ భరించలేనంతగా ఉంటుందన్నారు. అబద్ధం చెప్పలేదు, ఊహించి చెప్పలేదు, దాటవేయనూ లేదు. ఆ తర్వాతి కాలంలో ఆయన రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ జవాబు మాత్రం నేర్చుకోదగినది. మీ ప్రకటనలో అంకె ఉంటే దాన్ని ఎవరు ధ్రువీకరించారో రాయండి. లేకపోతే మళ్లీ ఎన్ని గంటలకు మాట్లాడతారో రాయండి. ఆ వేళకు కొత్త సమాచారం లేకపోయినా వచ్చి, లేదని చెప్పండి. పేర్లు మాత్రం కుటుంబాలకు తెలిశాకే బయటకు రావాలి. దీనికి మినహాయింపు లేదు.

'పుకార్లు నమ్మవద్దు' అని చాలామంది రాశారు. సరే, మరి ఏది నమ్మాలి? ఫోను నంబరు, చోటు, వేళ ఆ వాక్యం పక్కనే లేకపోతే దాన్ని కొట్టేయండి.

ఆసుపత్రులు, ఆశ్రయం, భోజనాలు, రవాణా గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక అసలు విషయానికి వద్దాం.

మీరు పంపిన కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఇలా సాగాయి: రెండో రోజు సాయంత్రం మైదానంలో సభ. మొదట మౌనం. తర్వాత మతపెద్దల ప్రార్థనలు, మేయర్ ప్రసంగం. ఆపైన పరిహారం వివరాలు, పోలీసు అధికారి వివరణ, చివర ప్రజల ప్రశ్నలు. ఒకే మైదానం, ఒకే మైకు, ఒకే సాయంత్రం.

ఇలా చేయకండి. ఈ వరుస నాలుగో పాఠంలో మీ ముందు పెట్టిన సూత్రాన్నే దెబ్బతీస్తుంది. కలిసి ఉండండని మేయర్ చెప్పినంత మాత్రాన జనం కలవరు. కలిసి ఏడవడానికి ఒక చోటు, కలిసి అడగడానికి ఇంకొక చోటు దొరికినప్పుడే కలుస్తారు. ఆ రెండింటినీ ఒకే సభగా కుట్టేస్తే ఏమవుతుందో చూడండి. మౌనం పాటించిన జనం ఇంకా తలలు ఎత్తకముందే ఒక తండ్రి లేచి, 'అగ్నిమాపక వాహనం ఎందుకు ఆలస్యమైంది?' అని అడుగుతాడు. ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. అయినా చుట్టూ ఉన్నవాళ్లకు అది సభకు భంగంగా తోస్తుంది. ఎవరో ఆయన్ని కూర్చోమంటారు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఒక్క క్షణంలో ఊరి కళ్ల ముందు అల్లరి చేసినవాడవుతాడు. ఇటు నివాళి చెడింది, అటు ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ కుటుంబం మళ్లీ మీ సభకు రాదు. దాని వెనకే ఆ వీధి, ఆ బంధువర్గం దూరమవుతాయి. ఊరు చీలిపోవడం చాలాసార్లు ఇంత చిన్నచోటే మొదలవుతుంది.

రెండూ విడిగా ఉంటే ఎలా ఉంటుందో మాంచెస్టర్‌లో చూడవచ్చు. 2017 మే 22 రాత్రి అరీనా అనే కచేరీ ప్రాంగణం దగ్గర జరిగిన బాంబు పేలుడులో 22 మంది చనిపోయారు. గ్రేటర్ మాంచెస్టర్ మేయర్‌గా ఆండీ బర్న్‌హామ్ బాధ్యతలు తీసుకుని అప్పటికి రెండే వారాలు. మర్నాటి ఉదయం ఆయన మాట్లాడుతూ, ముక్కూమొహం తెలియనివాళ్లకు తలుపులు తెరిచినవాళ్లకు, వాళ్లను వాహనాల్లో తీసుకెళ్లినవాళ్లకు, అత్యవసర సేవల సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పారు. ఆ సాయంత్రం ఆల్బర్ట్ స్క్వేర్‌లో వేలమంది చేరారు. అది నివాళి కోసం చేరిన సభ. అక్కడ పరిహారాల లెక్కలు లేవు, విచారణ వివరాలు లేవు.

మరి ప్రశ్నలు ఏమయ్యాయి? ఆ రాత్రి అత్యవసర సేవలు ఎలా పనిచేశాయో తేల్చడానికి స్వతంత్ర సమీక్ష జరిపించింది కూడా బర్న్‌హామే. మాజీ ఉన్నతాధికారి బాబ్ కెర్స్‌లేక్ ఆధ్వర్యంలోని బృందం మృతుల కుటుంబాల మాటలు విని 2018 మార్చిలో నివేదిక ఇచ్చింది. అగ్నిమాపక దళం ఘటనాస్థలానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టిందని అందులో బయటపడింది. సేవల సిబ్బందికి మొదటి ఉదయమే దండం పెట్టిన మేయర్, ఆ సేవల్లో లోపాన్నీ బయటికి తీయించారు. ఆ ఉదయం చెప్పిన కృతజ్ఞత అబద్ధం కాలేదు, తర్వాత వచ్చిన నివేదిక ద్రోహమూ కాలేదు. ఒకే సాయంత్రం రెండింటినీ ఇరికించి ఉంటే రెండూ పలచబడేవి.

నివాళి సభలో ఎంత తక్కువ మాట్లాడితే అంత మేలు. 2011 జులై 22 దాడుల్లో నార్వేలో 77 మంది చనిపోయారు. మూడు రోజుల తర్వాత ఓస్లో నగర సభాభవనం ముందు లక్షమందికి పైగా గులాబీలు పట్టుకుని నిలబడ్డారు. ఊరేగింపుగా వెళ్దామనుకున్నారు గానీ జనం మరీ ఎక్కువై కదలడానికి వీల్లేక అక్కడే ఉండిపోయారు. హంతకుణ్ని మనమంతా కలిసి శిక్షిద్దామని, ఆ శిక్ష మరింత సహనం, మరింత ప్రజాస్వామ్యమని మేయర్ ఫాబియాన్ స్టాంగ్ అన్నారు. కోపాన్ని కాదనలేదు, దానికి ఒక దిక్కు చూపారు. నేనైతే నివాళి సభలో మేయర్‌కు మూడు నిమిషాలకు మించి ఇవ్వను. వేదిక కూడా వద్దంటాను. అందరూ నిలబడ్డ నేల మీదే నిలబడితే చాలు. చివరి వరుసలవాళ్లకు కనిపించరని మీలో కొందరు అంటారు. వినిపిస్తే సరిపోతుంది.

ఒకరు మంచి అభ్యంతరమే రాశారు: ప్రశ్నల కోసం ప్రత్యేకంగా సభ పెడితే కోపం రాజుకుంటుంది కదా, చల్లారేదాకా ఆగడం మంచిది కదా? దీనికి లండన్ సమాధానం చెప్పింది. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లను మొదటి రోజుల్లో ఆదుకున్నది ఎక్కువగా ఇరుగుపొరుగువాళ్లు, చర్చిలు, మసీదులు, స్వచ్ఛంద సంస్థలు. స్థానిక కౌన్సిల్ ఎక్కడుందో జనానికి కనబడలేదు. జూన్ 29న కౌన్సిల్ పెద్దలు జరిపిన సమావేశానికి ప్రజలను, విలేకరులను రానివ్వకూడదని నిర్ణయించారు. విలేకరులు హైకోర్టుకు వెళ్లి ప్రవేశం సంపాదించాక సమావేశాన్ని మధ్యలోనే ఆపేశారు. మర్నాడు కౌన్సిల్ నాయకుడు రాజీనామా చేశారు. తలుపు మూస్తే కోపం చల్లారలేదు. ఆ తర్వాత నెలనెలా 14న ఆ ప్రాంతం వాళ్లే మౌనంగా నడిచారు. ఊరు ఒక్కటైంది, కౌన్సిల్ లేకుండానే. స్థానిక పాలకుడికి ఇంతకన్నా పెద్ద ఓటమి నాకు తెలియదు.

నివాళిని సంబరంతో కలపడం కూడా ఇదే జాతి తప్పు. ఇటలీలోని జెనోవాలో 2018 ఆగస్టు 14న మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. మేయర్ మార్కో బుచ్చీయే పునర్నిర్మాణ కమిషనర్‌గా ఉండి రెండేళ్లలోపే కొత్త వంతెన పూర్తిచేయించారు. పనిగా చూస్తే అది అసాధారణమైన వేగం. 2020 ఆగస్టు 3న జరిగిన ప్రారంభోత్సవానికి మాత్రం మృతుల కుటుంబాల సంఘం రాలేదు. దేశాధ్యక్షుడు వాళ్లను అదే రోజు విడిగా కలిశారు. అలా విడిగా కలవడం సరైన పని.

ఇప్పుడు జవాబుల సభ. దీన్ని దగ్గరగా చూడండి, ఎందుకంటే మీలో ఎవరూ దీన్ని రాయలేదు. మూడో రోజు దాటనివ్వకండి. మూసిన హాలు మేలు. కుర్చీలు అర్ధవృత్తంగా వేయించండి. ముందు వరుసలు మృతుల కుటుంబాలవి, క్షతగాత్రుల కుటుంబాలవి. కెమెరాలు ఉండాలా వద్దా అన్నది ఆ కుటుంబాలే చెప్పాలి, మేయర్ కార్యాలయం కాదు. పోలీసు, ఆసుపత్రి, అగ్నిమాపక, పరిహారం అధికారులు ఒక్కొక్కరి ముందు పేరు, బాధ్యత పెద్ద అక్షరాలతో ఉండాలి. మైకు అడిగేవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాలి. వేరే భాష మాట్లాడే కుటుంబం ఒక్కటే ఉన్నా దుబాసీని పిలిపించండి. ఎక్కువసేపు కూర్చోలేని వాళ్లకు పక్కన ఒక గది, అందులో మనోవైద్య నిపుణులు ఉండాలి. సభ ముగిసే వేళ ముందే ప్రకటించవద్దు.

గోడకు పెద్ద కాగితం అంటించి మూడు గడులు గీయండి: ప్రశ్న, జవాబు చెప్పాల్సిన మనిషి, ఎప్పటిలోగా. వచ్చిన ప్రతి ప్రశ్ననూ అడిగినవాళ్ల మాటల్లోనే మేయర్ తన చేత్తో రాయాలి. ఈ పని సహాయకుడికి అప్పగించవద్దని గట్టిగా చెప్తున్నాను. 'నా భార్య చేతి ఉంగరం ఎవరి దగ్గర ఉంది?' అని ఒకాయన అడిగితే, 'మృతుల వస్తువుల అప్పగింత' అని రాయకండి. ఉంగరం అనే రాయండి. దాని ఎదురుగా ఒక అధికారి పేరు, ఒక తేదీ పడాలి. ఏ గడి ఖాళీగా ఉందో హాలంతటికీ కనబడుతుంది, కనబడాలి. ఆ కాగితాన్ని తీసేయకండి. తర్వాతి సభ దాని ముందే, అందులో తీరని ప్రశ్నలతోనే మొదలవాలి.

'దర్యాప్తు జరుగుతోంది' అన్నది జవాబు కాదు. నేరానికి సంబంధించిన వివరాలు మేయర్ చెప్పకూడదన్నది నిజమే. దర్యాప్తు ఎవరు చేస్తున్నారో, కుటుంబాలు ఎవరితో మాట్లాడవచ్చో, మొదటి నివేదిక ఎప్పటికి రావచ్చో చెప్పడానికి ఏ అడ్డంకీ లేదు.

మేయరే బాధితుడైతే ఎలా అని ఇంకొకరు అడిగారు. జపాన్‌లోని రికుజెన్‌తకాత మేయర్ ఫుతోషి తోబా పదవిలోకి వచ్చిన నెలరోజులకే, 2011 మార్చి 11 సునామీ వచ్చింది. ఆయన భార్య అందులో చనిపోయారు. నగర ఉద్యోగులు కూడా ఎందరో పోయారు. ఆయన పదవిలో కొనసాగి పునర్నిర్మాణాన్ని నడిపారు. అందరూ అలా చేయాలని నేను అనను. మీ స్థానంలో నిలబడగల మనిషి పేరు ఇవాళే, ఏమీ జరగని రోజే, రాసిపెట్టుకోండి.

అభ్యాసం. ఈసారి ప్రసంగం రాయొద్దు. మీకు తెలిసిన ఐదుగురిని కూర్చోబెట్టి, కాల్పనిక దుర్ఘటన ఒకటి చెప్పి, మృతుల కుటుంబసభ్యులుగా ఒక్కొక్కరు మూడు ప్రశ్నలు మీకు చూపించకుండా రాసుకోమనండి. గంటసేపు నిలబడి జవాబులు చెప్పండి, గోడ మీద రాస్తూ. ఆరో మనిషి ఒక మూల కూర్చుని మీరు 'చూస్తాం', 'పరిశీలిస్తాం', 'త్వరలోనే' అన్న ప్రతిసారీ గీత గీయాలి. ఆ గీతల్లో ప్రతి ఒక్కటీ ఒక పేరు, ఒక తేదీగా మారేదాకా మర్నాడు కొత్త ప్రశ్నలతో మళ్లీ చేయండి. నాకు గోడ మీది కాగితం ఫొటో పంపండి, ఖాళీ గడులతో సహా.