సింగపూర్ బడిలో తెలుగు పిల్లలు: తమిళమా, హిందీయా?

సింగపూర్ ప్రైమరీ బడిలో మాతృభాష కూడా పరీక్ష సబ్జెక్టే. ఆరో తరగతి చివర రాసే పీఎస్‌ఎల్‌ఈలో ఇంగ్లీషు, లెక్కలు, సైన్సుతో పాటు దానికీ సమాన వాటా. కానీ ఆ జాబితాలో తెలుగు లేదు. చైనీస్, మలయ్, తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు ఇళ్లలో తర్జనభర్జన ఎక్కువగా తమిళమా, హిందీయా అన్నదాని మీదే. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడే ఇది తేల్చుకోవాలి.

ముందు మార్కుల లెక్క చూడండి. ప్రతి సబ్జెక్టులో వచ్చిన మార్కులను బట్టి ఒక ఏఎల్ (అచీవ్‌మెంట్ లెవెల్) వేస్తారు. నూటికి 90, ఆపైన ఏఎల్1, 85–89 ఏఎల్2, 80–84 ఏఎల్3, 75–79 ఏఎల్4, 65–74 ఏఎల్5, 45–64 ఏఎల్6, అంతకంటే తక్కువైతే ఏఎల్7, 8. నాలుగు సబ్జెక్టుల ఏఎల్‌లు కలిపితే వచ్చేదే మొత్తం స్కోరు. అది ఎంత తక్కువైతే అంత మంచిది.

"మినహాయింపు అడిగితే పోలేదా" అనుకుంటారు చాలామంది. విదేశం నుంచి మధ్యలో వచ్చిన పిల్లలకు అది దొరకవచ్చు, కానీ ఊరికే రాదు. మాతృభాషకు ఏఎల్6 నుంచి 8 దాకా ఏదో ఒకటి పరీక్ష పెట్టేవాళ్లే వేస్తారు. మిగతా మూడింట్లో 2, 1, 2 వచ్చిన పిల్లకు మినహాయింపుతో మొత్తం 11 కంటే మెరుగవదు. అదే పిల్ల హిందీలో 80 తెచ్చుకుంటే 8. చిన్న వయసులోనే వచ్చిన బిడ్డకైతే ఏదో ఒక భాష మొదలుపెట్టించడమే నయం.

తమిళం చాలా బడుల్లో మామూలు పీరియడ్లలోనే ఉంటుంది. వాక్యం కట్టే తీరు మనదే, చుట్టరికం ఉన్న మాటలూ బోలెడు. చిక్కంతా లిపిలో: క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకూ అంతే. పదం ముందే తెలిస్తే తప్ప సరిగ్గా చదవలేరు. అందుకే అక్షరాల కంటే ముందు చెవికి వినిపించాలి. పైగా నూటికి మార్చకముందు ఈ పరీక్షకున్న మొత్తం 200 మార్కుల్లో మౌఖికానికి 50, వినికిడికి 20. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు లేకపోతే ఈ 70 దగ్గరే జారిపోతారు.

హిందీ చాలామందికి శనివారం క్లాసే, సెలవు సగం పోతుంది. మన పిల్లలు తప్పేది లింగం దగ్గర: కుర్చీ ఆడది, ఇల్లు మగది అంటే తెలుగు బుర్రకు ఎక్కదు. కొత్త పదం రాసేటప్పుడల్లా పక్కన 'అచ్ఛా/అచ్ఛీ' లాంటి ఒక విశేషణం పెట్టి రాయించండి, లింగం దానంతటదే గుర్తుంటుంది. కర్త పక్కన 'నే' వచ్చినప్పుడు క్రియ కర్మను బట్టి మారడం కూడా ఇలాగే వాక్యాలతోనే పట్టుబడుతుంది.

ఒకటి, రెండు తరగతుల్లో మార్కుల పరీక్షలు లేవు; వెనకబాటు మూడో తరగతిలోగానీ బయటపడదు. అందుకని రెండో ఏడు చివర్లోనే టీచర్‌ను "చదవడం, మాట్లాడటం ఎలా ఉంది?" అని విడివిడిగా అడగండి.

ఆరో తరగతిలో మౌఖికం ఆగస్టులోనే వచ్చేస్తుంది, రాతపరీక్షలు సెప్టెంబరు చివర్లో. జూన్ సెలవుల్లో రోజూ పావుగంట గట్టిగా చదివించి, ఒక చిన్న వీడియో చూపించి దాని మీద మాట్లాడించండి. ట్యూషన్ డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా పైన చెప్పిన హద్దులే చెప్తాయి: లెక్కల్లో 91, హిందీలో 62 ఉంటే ఇంకో మూడు మార్కుల కోసం హిందీకే పెట్టాలి. 48 దగ్గరున్న బిడ్డ 60కి వచ్చినా ఏఎల్ మారదని కూడా ముందే తెలుసుకుని ఉంటే, ఇంట్లో కేకలు కొంత తగ్గుతాయి.